అప్‌డేట్‌కి ముహూర్తం మనమే పెట్టాలి

అందరికీ నమస్కారం. నాది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరో ఒక మాస్టారి పద్యాల పుస్తకం. కాబట్టి ఇవి ఇంజినీరు మాటలు కావు, రోజూ కీబోర్డు మీద బతికేవాడి మాటలు.

ముందు నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్తాను. ఒక గుడి వాళ్ల సావనీరు చేస్తున్నా. తెల్లారితే ప్రెస్సుకి పోవాలి. రాత్రి పదకొండింటికి కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. తెర మీద చక్రం తిరుగుతోంది, అంకె ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది. కమిటీ పెద్దాయన పక్క కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలకోసారి "ఏమయ్యా, అయిందా?" అంటాడు. నాకు టెన్షన్‌తో చెమటలు. తప్పు మాత్రం నాదే. అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ "తర్వాత" అన్నాను, చివరికి ఐదు వారాలపాటు ఆపేసి మర్చిపోయాను. ఆ గడువు సరిగ్గా ఆ వారమే తీరింది.

ఆ రాత్రి తర్వాత ఈ అప్‌డేట్లు ఎప్పుడు వస్తాయో కనుక్కున్నా. విండోస్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది. 2003 నుంచీ ఇదే ఆనవాయితీ. అమెరికా పడమటి తీరంలో ఉదయం పది గంటలకి వదులుతారు, మనకు అప్పుడు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే బుధవారం పొద్దున షాపు తీసేసరికి అది గుమ్మంలో కూర్చుని ఉంటుంది. నేను వెంటనే లోపలికి రానివ్వను. శనివారం సాయంత్రం, పనులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక రానిస్తాను.

ఆ మూడు నాలుగు రోజులు ఎందుకు ఆగాలంటే, 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలుతో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడుకున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు, ఆ ఫొటో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. మరి నెలలకు నెలలు ఆగితే? 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ భద్రతలో ఉన్న ఒక కంతని పూడ్చింది. మే 12న వాన్నక్రై వైరస్ అదే కంతలోంచి దూరింది. దాదాపు రెండు నెలలు టైముంది, చాలామంది ఆ అప్‌డేట్ వేసుకోలేదు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తగిలింది. నాలుగు రోజులు ఆగడం జాగ్రత్త, రెండు నెలలు ఆగడం బద్ధకం. బ్రౌజర్‌కి మాత్రం ఆ నాలుగు రోజులు కూడా ఇవ్వకండి. పొద్దస్తమానం బయట తిరిగేది అదే కదా.

ఇక నాకు ఇష్టమైన సాఫ్ట్‌వేర్ అంటే మొదటిది ఎవ్రీథింగ్. పేరు అదే. ఫైళ్లు వెతికిపెట్టేది, ఉచితం. నా దగ్గర "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని ఒకే పెళ్లికార్డుకి మూడు ఫైళ్లుంటాయి, నవ్వకండి, మీ దగ్గరా ఉంటాయి. విండోస్ సొంత వెతుకులాటలో ఒక పేరు కొట్టి టీ తాగి రావచ్చు. ఇందులో "ఫై" అని కొట్టేలోపే మూడూ కనిపిస్తాయి. కిటుకేమిటంటే ఇది ఫోల్డర్లన్నీ తిరగదు. హార్డ్‌డిస్క్ తన ఫైళ్ల పేర్లన్నీ ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది, ఇది ఆ పట్టికనే చదువుతుంది. లైబ్రరీలో బీరువాలన్నీ తెరవకుండా రిజిస్టరు చూసినట్టు. తెలుగులో పెట్టిన పేర్లూ దొరుకుతాయి, యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో పెడితే. డీటీపీ వాళ్లకి ఇక్కడే చిక్కు. మన పాత ఫాంట్లలో కొట్టిన "శ్రీ" కంప్యూటర్ దృష్టిలో శ్రీ కాదు, ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వేషం తీసేస్తే అవే బయటపడతాయి. అందుకే పాత పేజీలోని మాటని తెలుగులో వెతికితే దొరకదు. కనీసం ఫైలు పేరైనా యూనికోడ్‌లో పెట్టండి.

రెండోది ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. విండోస్ గుర్తు మీట, వి కలిపి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది, చేయండి. అప్పట్నించి కాపీ చేసినవి 25 దాకా గుర్తుంచుకుంటుంది. పెళ్లికొడుకు పేరు, ముహూర్తం, కల్యాణమండపం అడ్రసు అన్నీ ఒకేసారి కాపీ చేసుకుని ఒక్కోటీ అతికించవచ్చు. రీస్టార్ట్ చేస్తే పోతాయి, పిన్ చేసినవి మిగులుతాయి. అన్నట్టు, పాస్‌వర్డ్ కాపీ చేస్తే అది కూడా అక్కడే ఉంటుంది. షాపులో వెనక నిలబడి చూసేవాళ్లుంటారు, జాగ్రత్త.

ఫైళ్లని కుదించి మూటకట్టే విన్‌రార్ గురించి ఒక్క మాట. నలభై రోజుల ట్రయల్ మీద ఇరవై ఏళ్లు నడిపినవాళ్లం మనం. అది దానంతటది అప్‌డేట్ కాదు. 2023లో, మళ్లీ 2025లో అందులో కంతలు దొరికాయి, దొంగలు వాడుకున్నారు కూడా. నేను అదే పని ఉచితంగా చేసే సెవెన్‌జిప్‌కి మారాను. అదీ తనంతట తను అప్‌డేట్ కాదు, కాకపోతే డబ్బు కట్టలేదన్న గిల్టీ లేదు.

ఇలాంటి వాటికోసమే వింగెట్ ఉంది, సాఫ్ట్‌వేర్లు తెచ్చి అప్‌డేట్ చేసే పనిముట్టు, విండోస్‌లోనే వస్తుంది. ఇంటర్నెట్‌లో "డౌన్‌లోడ్" అని పచ్చ బటన్లు నాలుగుంటాయి, మూడు మోసం. వింగెట్ దాదాపుగా తయారీదారు దగ్గర్నుంచే ఫైలు తెస్తుంది, మారిందేమో సరిచూస్తుంది. టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి ఇంగ్లిష్‌లో వింగెట్, ఒక ఖాళీ, అప్‌గ్రేడ్ అని కొట్టండి. ఏవేవి పాతబడ్డాయో వరసగా చూపిస్తుంది. చివర ఇంకో ఖాళీ, రెండు అడ్డగీతలు, ఆల్ అని చేరిస్తే అన్నీ వేసేస్తుంది. ఆల్ కొట్టే ముందు జాబితా చదవండి. డీటీపీ సాఫ్ట్‌వేర్ ఏదైనా అందులో కనిపిస్తే పండగ సీజన్లో ముట్టుకోకండి.

విండోస్ 10 వాళ్లు ఎంతమంది, చేతులెత్తండి... సగం పైనే. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కొంతకాలం భద్రతా అప్‌డేట్లు వచ్చే పథకం ఉంది, అందులో చేరారో లేదో చూసుకోండి. మెషీన్ 11కి ఒప్పుకోకపోతే, బ్రౌజింగ్, టైపింగ్ పనులకి విండోస్ బదులు వేసుకునే ఉచిత లైనక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు మాత్రం ఆ పాత మెషీన్‌కి ఇంటర్నెట్ వైరు పీకేసి వాడుకోండి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు ఛార్జర్లు పెట్టండి, వింగెట్ పని ఇప్పుడే చేద్దాం. బ్యాటరీ ఇరవై శాతం లోపు ఉన్నవాళ్లు కాసేపు ఆగండి, ఈలోపు టీ వస్తుంది.