తలుపుల లెక్క: భవన మోడల్‌ను ప్రశ్నించడం ఎలా?

వ్యాఖ్యాత: ఒక ఆసుపత్రి భవనంలో మంటలను ఆపే తలుపులు అంతస్తుకు ఎన్ని ఉన్నాయో నిర్వాహకులు అడిగారనుకుందాం. చేతిలో త్రీడీ మోడల్ ఉంది. తిప్పి తిప్పి చూస్తూ లెక్కపెట్టాల్సిందేనా?

అతిథి: అక్కరలేదండీ. ఇలాంటి మోడళ్లను వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగేలా భద్రపరిచే ఫైలును ఐఎఫ్‌సీ ఫైలు అంటారు. అది తెరపై బొమ్మలా కనిపించినా, సాధారణంగా లోపల ఉండేవి అక్షరాలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. # గుర్తు, దాని పక్కన ఒక అంకె, ఆ తర్వాత ఇది ప్రాజెక్టు, ఇది అంతస్తు, ఇది తలుపు అంటూ వరుసలు సాగుతాయి. ప్రతి తలుపుకూ 22 అక్షరాల గుర్తింపు ఉంటుంది.

వ్యాఖ్యాత: అయితే ‘తలుపు’ అనే వర్గం పేరుతో వెతికితే సరిపోతుంది కదా?

అతిథి: సరిపోదు. గోడలనే తీసుకోండి. ఐఎఫ్‌సీలో 2ఎక్స్3 అనే వెర్షన్‌లో మామూలు గోడలు చాలావరకు ‘ఐఎఫ్‌సీ వాల్ స్టాండర్డ్ కేస్’ అనే ఉపవర్గంలో ఉంటాయి. అచ్చంగా ‘ఐఎఫ్‌సీ వాల్’ కోసమే వెతికితే అవన్నీ లెక్కలోకి రావు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాడే ఐఎఫ్‌సీ ఓపెన్‌షెల్ అనే ఉచిత లైబ్రరీలో ‘బై టైప్’ అనే ఆదేశంతో అడిగితే ఉపవర్గాలు కూడా వస్తాయి.

వ్యాఖ్యాత: మరి మంటలను ఎంతసేపు ఆపుతుందనే వివరం?

అతిథి: ‘పీసెట్ డోర్ కామన్’ అనే లక్షణాల పట్టికలో ‘ఫైర్ రేటింగ్’ అని ఉంటుంది. అది ఒక్కోసారి తలుపు మీద కాకుండా, దాని రకం మీద రాసి ఉంటుంది. అంటే ఒకే రకం తలుపులన్నిటికీ ఒకేచోట నమోదు చేస్తారు. రకం దాకా వెళ్లని ప్రశ్నకు ఖాళీ జవాబే వస్తుంది. అంతస్తూ అంతే, తలుపు వరుసలో ఉండదు. తలుపునూ అంతస్తునూ కలిపే సంబంధం వేరే వరుసలో ఉంటుంది.

వ్యాఖ్యాత: రకం దాకా వెళ్లినా ఖాళీ వస్తే?

అతిథి: దయచేసి దాన్ని సున్నా కింద రాయకండి! రేటింగ్ నమోదు కాని తలుపు, రేటింగ్ లేని తలుపు ఒకటి కావు. ఆసుపత్రిలో ఆ తేడా రోగుల ప్రాణాలకు సంబంధించినది. అలాంటి తలుపులను వాటి 22 అక్షరాల గుర్తింపులతో విడిగా రాసి, డిజైన్ బృందానికి పంపాలి. ‘బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ’ వర్గాన్ని కూడా వెతకండి. ఏ వర్గమో తేల్చని వస్తువులు అక్కడ చేరుతాయి, వాటిలో తలుపులూ ఉండవచ్చు.

వ్యాఖ్యాత: ఇదంతా ముందే సరిచూసుకునే వీలు లేదా?

అతిథి: ఉంది. మోడల్‌లో ఏయే వివరాలు ఉండాలో సాఫ్ట్‌వేర్ చదవగలిగేలా రాసే పద్ధతి ఐడీఎస్. ఐఎఫ్‌సీని నిర్వహించే బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ 2024లో ఐడీఎస్ 1.0 ప్రమాణాన్ని ఆమోదించింది. ‘ప్రతి తలుపుకూ ఫైర్ రేటింగ్ తప్పనిసరి’ అని ఆ పద్ధతిలో రాసి కాంట్రాక్టుకు జతచేస్తే, మోడల్ చేతికి అందిన రోజే సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేయవచ్చు.