పిల్లాడు ఫోన్ పెడితే గానీ బువ్వ తినట్లేదా? ఇది చూడండి

నమస్తే అక్కలు, అన్నలు. మన పాలమూరులో ఇప్పుడు ఏ ఇంటికి పోయినా పిల్లల ముందు పళ్ళెం ఒకటి, ఫోన్ ఒకటి. కళ్ళు పాడైతాయని అందరూ భయపెడతారు, సరే, కానీ చిన్నపిల్లల విషయంలో నాకు అంతకంటే పెద్ద టెన్షన్ మాటల గురించి.

2003లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరిని మనిషే ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చైనా భాష మాట్లాడారు, ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్నవాళ్ళు ఆ భాష శబ్దాలు పట్టేశారు, టీవీ చూసినవాళ్ళకి ఏమీ ఎక్కలేదు! ఎందుకంటే పిల్లాడు "ఊ" అంటే మీరు "ఏంది నాన్నా, కాకా?" అంటారు, మీ ముఖం చూసి వాడు మళ్ళీ ఏదో అంటాడు, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాటలు వస్తాయి. కార్టూన్ వాడి కోసం ఆగదు కదా.

అందుకే మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దంటుంది, రెండు నుంచి ఐదేళ్ళ దాకా గంట దాటొద్దు, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి. అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌కి మాత్రం ఓకే. అమ్మానాన్న పుణెకో ముంబైకో పనికి పోయి, పిల్లలు నానమ్మ దగ్గరుండే ఇళ్ళు మన దగ్గర తక్కువా? వాళ్ళు కాల్ చేస్తే నిశ్చింతగా మాట్లాడించండి.

మాటలు ఆలస్యమైతే మాత్రం అంతా ఫోన్ మీదకే నెట్టకండి, చెవులు సరిగ్గా వినబడుతున్నాయో లేదో చూపించండి. అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం, డాక్టర్లు వస్తారు, టీచరమ్మని అడగండి.

ఇక ఫోన్ చేతిలోకి తీసుకోండి. యూట్యూబ్‌లో ఏదైనా వీడియో పెట్టి దాని మీద ఒకసారి తాకితే పైన చిన్న స్విచ్ కనిపిస్తుంది, అదే ఆటోప్లే, ఆపేయండి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌కి పోయి యూట్యూబ్‌కి టైమర్ పెట్టండి.

ముందు ఒక్క పూట బువ్వ ఫోన్ లేకుండా పెట్టండి. ఏడుస్తాడు, సగం తిని లేస్తాడు, లేవనీయండి, ఆకలైతే వాడే వస్తాడు. ఇంట్లో బడికి పోయే అన్న ఉంటే ఆ టైమర్ నిమిషంలో తీసేస్తాడు, దానికి పాస్‌వర్డ్ ఉండదు మరి, అలాంటప్పుడు, పిల్లల పేరు మీద గూగుల్ అకౌంట్ ఉన్న ఫోన్ అయితే, దాన్ని మీ ఫోన్ నుంచే అదుపు చేసే గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకోండి.