దానికి మనం అగుపడనేదు

(విజయనగరంలో ఒక ఫిల్మ్ క్లబ్ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం కోసం మన కుర్రాళ్లు వేసిన పోస్టరు మీరంతా చూసే ఉంటారు. నల్లటి ఆకాశం, కింద సముద్రం, అందులోంచి ఎనిమిది చేతుల జంతువొకటి పైకి లేస్తోంది. మొన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన ఫోన్లో అది చూసి, "ఏటి మాస్టారూ, ఫిజిక్స్ మానేసి చేపల చెరువుల మీద పడ్డారా?" అన్నారు. ఆయన్ననడానికి లేదు. కాస్మిక్ హారర్, అంటే మనిషిని లెక్కే చెయ్యని విశ్వం ముందు పుట్టే భయం. ఆ మాట అనగానే ఎక్కడైనా ఆ ఆక్టోపస్ బొమ్మే వేస్తారు. నా పేచీ దాంతోనే. దీనికి తెలుగులో విశ్వభీతి అని ఎవరైనా పేరు పెడితే అది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నలా వినపడుతుంది. అంచేత కాస్మిక్ హారర్ అనే అందాం.

ముందు మన దెయ్యాల సంగతి చూద్దాం. మన దెయ్యానికి ఇంటిపేరు ఉంటుంది. ఏ చింతచెట్టు మీద ఉంటుందో, ఎవరింటి కోడలో, ఏ నూతిలో పడి పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. చిల్లంగి, అదే చేతబడి, పెట్టారంటే పెట్టినవాడు ఫలానా వీధిలోనే ఉంటాడు. దేవతలైనా అంతే. మీ పైడితల్లమ్మనే తీసుకోండి. 1757 బొబ్బిలి యుద్ధం, అన్నగారు విజయరామరాజు, ఆ అన్నకి ముద్దుల చెల్లెలు. పెద్దచెరువులో దొరికిన ఆ తల్లి ముందు ఒకరి ఆడపడుచు, తరవాతే మనకి అమ్మవారు. భక్తితోనే చెబుతున్నాను. చుట్టరికం ఉంది కాబట్టి మొక్కుకోవచ్చు, అలగొచ్చు, బతిమాలొచ్చు. తెలుగు హారర్ సినిమా కూడా ఈ చుట్టరికం మీదే నడుస్తుంది. ఇంటర్వెల్ దాకా తలుపులు కొట్టుకుంటాయి, ఇంటర్వెల్ తరవాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, దెయ్యానికి జరిగిన అన్యాయం తెలిసి మనం కళ్లు తుడుచుకుంటాం. అక్కడితో భయం పోతుంది, జాలి మిగులుతుంది.

ఇప్పుడు ఆ ఫ్లాష్‌బ్యాక్ తీసేయండి. వచ్చినదానికి మన మీద పగ లేదు, కోరిక లేదు, మనమెవరమో దానికి తెలీదు. కాస్మిక్ హారర్ అక్కడ మొదలవుతుంది. నిమ్మకాయలు ఎవరికి కోస్తారు?

నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేట వైపు చిన్న ఊరు, ఊరంతా కొబ్బరీ జీడీ పనసా. 2018 అక్టోబరులో దసరా సెలవులకి ఇంటికెళ్లాను. 11వ తారీఖు తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుకట, ఆ పేరు పాకిస్తాన్ వాళ్లు ఇచ్చింది. ఆ రాత్రి వంటింటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మేం నలుగురం మధ్యగదిలో మంచం కింద దూరాం. రేకుల మోత అలవాటైపోయింది గానీ, తోటలోంచి వచ్చే చప్పుడు మాత్రం అలవాటు కాలేదు. కొబ్బరిచెట్టు విరిగితే ఫట్‌మని ఒక్కటే దెబ్బ, తరవాత ఏమీ ఉండదు. నేను ముప్పయి దాకా లెక్కపెట్టి మానేశాను.

తెల్లారి చూస్తే చెట్లన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. అమ్మ గుమ్మంలో కూలబడి "ఏ పాపం చేసాం రా" అని ఏడ్చింది. మా పెదనాన్న అక్కడే నిలబడి చుట్ట వెలిగించడానికి చూస్తున్నాడు, అగ్గిపుల్ల తడిసిపోయి వెలగటం లేదు. "పాపం నేదు, పున్నెం నేదు. దానికి మనం అగుపడనేదు, అంతే" అన్నాడు.

కాస్మిక్ హారర్ మీద ఇంగ్లిషులో నేను చాలా చదివాను. ఆ ముక్క కంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఈ రకం కథలకి పేరు తెచ్చినాయన హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్. 1890లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పుట్టి, 1937లో అక్కడే పేదరికంలో పోయాడు. 'వియర్డ్ టేల్స్' లాంటి చవక కాగితం పత్రికల్లో రాశాడు. మనిషి మాత్రం అంత గొప్పవాడు కాదు. నల్లవాళ్లన్నా, బయట దేశాలనుంచి వచ్చినవాళ్లన్నా ఒళ్లంతా ద్వేషం, అది ఉత్తరాల్లోనూ ఉంది, కథల్లోనూ ఉంది. మన రంగు మనిషి ఆయన వీధిలో ఇల్లు అద్దెకి అడిగితే ఆయనకి అదే పెద్ద హారర్ అయి ఉండేది. ఇది తెలిసే చదవాలి.

ఆయన కథల్లో నాకు బాగా దగ్గరైంది 1927లో వచ్చిన 'ద కలర్ ఔట్ ఆఫ్ స్పేస్'. ఒక రైతు ఇంటి నుయ్యి పక్కన ఉల్క పడుతుంది. దాంట్లో ఒక రంగు ఉంటుంది, మనకి తెలిసిన ఏ రంగూ కాదు. ఉల్క కరిగిపోతుంది. ఆ ఏడు పళ్లు ఇంతింత లావున కాస్తాయి, కొరికితే చేదు. గాలి లేకుండానే చెట్లు ఊగుతాయి. పశువులు బూడిదరంగుకి తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి. తరవాత మనుషుల వంతు. నీళ్లు బాగాలేవని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆ నుయ్యి నీళ్లే తాగుతారు. మొదటిసారి చదివినప్పుడు అక్కడ పుస్తకం మూసేశాను. ఎందుకో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మీకు చెప్పాలి.

ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీలు పోతున్నాయి. షుగరూ బీపీ లేని, పొలంలో ఎండలో కష్టపడే మనిషి ఒకరోజు నీరసంగా ఉందని ఆసుపత్రికి వెళితే అప్పటికే సగానికి పైగా దెబ్బతిని ఉంటాయి. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నేలలో లోహాలన్నారు. ఎన్నో బృందాలు వచ్చి మా నూతుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో మంచినీళ్లు వస్తున్నాయి. లవ్‌క్రాఫ్ట్ కథ చెప్పేది కూడా రిజర్వాయరు కట్టడానికి సర్వేకి వచ్చిన మనిషే. ఆ పాడు నేలంతా నీళ్లకింద మునిగిపోతే బాగుండునని అతను కోరుకుంటాడు గానీ, ఆ రిజర్వాయరు నీళ్లు మాత్రం జన్మలో తాగనంటాడు. అక్కడ మునగడానికి కట్టారు, మాకు తాగడానికి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఫిజిక్స్ మాస్టారుగా చెబుతున్నాను. లవ్‌క్రాఫ్ట్ దృష్టిలో ఆ రంగు మనిషి బుర్రకి ఎప్పటికీ అందేది కాదు. మా ఊరి జబ్బు అలాంటిది కాదు, దానికి కారణం ఉంది, పట్టుకోవాలి, పట్టుకుంటారు. రెండింటినీ ఒక గాట కట్టకండి. నాకు కథ ఇచ్చింది వేరు. డయాలసిస్‌కి వెళ్లే బస్సులో మా అత్త అడిగే ప్రశ్నా మా అమ్మ ప్రశ్నే, ఏ జన్మలో ఏం చేశానో అని. మన దెయ్యం కథ ఆవిడకి జవాబు చెబుతుంది, ఇదిగో ఈ తప్పు చేశావని. ఈ దిక్కుమాలిన అమెరికావాడి కథ మాత్రం నువ్వేం చెయ్యలేదు అంటుంది. ఇంత భయంకరమైన కథ చదివి నేను ఎందుకు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో అప్పుడు అర్థమైంది. జనం ఈ సినిమాలకి ఎగబడటానికి ఆక్టోపస్ కారణం కాదని నేననేది అందుకే.

సరే, సినిమా సంగతి. ఎవరూ చూడని రంగుని తెరమీద ఎలా చూపిస్తారు? లవ్‌క్రాఫ్ట్‌కి ఏం, "వర్ణించలేనిది" అని రాసేసి తప్పుకుంటాడు, అదీ ప్రతి రెండో పేజీలోనూ. కెమెరా అలా తప్పుకోలేదు. 2010లో హువాన్ వూ అనే దర్శకుడు జర్మన్‌లో తీసినప్పుడు సినిమా అంతా నలుపు తెలుపుల్లో పెట్టి, ఆ ఒక్కదానికే రంగు వేశాడు. ఖర్చు లేదు, ఆర్భాటం లేదు. 2019లో రిచర్డ్ స్టాన్లీ తీసినదాంట్లో నికొలస్ కేజ్ ఉన్నాడు, రంగుకి మజెంటా ఎంచుకున్నారు. అదేటి, మా మేనకోడలి పెళ్లిచీర రంగు కదా అని మొదట నవ్వుకున్నాను. తరవాత క్లాసులో ప్రిజం పాఠం చెబుతుంటే తట్టింది. ఇంద్రధనుస్సులో మజెంటా లేదు. దానికంటూ ఒక తరంగదైర్ఘ్యం లేదు. ఒక చివర ఎరుపు, రెండో చివర ఊదా, రెండూ ఒకేసారి కంట్లో పడితే మెదడు కల్పించుకునే రంగు అది. వాళ్లు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, చీరలకొట్టులో దొరికే ఆ రంగు ఇంద్రధనుస్సులో ఎంత వెతికినా దొరకదు.

రెండో చిక్కు కొలత. అంత పెద్దది అని చూపించాలంటే కోట్లు తగలేయాలనుకుంటారు. గియెర్మో దెల్ తోరో లాంటి పెద్ద దర్శకుడు లవ్‌క్రాఫ్ట్ అంటార్కిటికా నవల తీద్దామని ఏళ్లు తిరిగితే, 2011లో స్టూడియో అంత డబ్బు పెట్టలేమని చేతులెత్తేసింది. కొలత చూపించడానికి డబ్బక్కర్లేదని మన పోతన ఎప్పుడో చెప్పాడు. 'ఇంతింతై వటుడింతయై' అందరికీ నోటికొచ్చు. దాని పక్క పద్యం చూడండి, 'రవిబింబం బుపమింప'. వామనుడు పెరుగుతున్నాడు. ఎంత పెరిగాడు? పోతన కొలవడు. సూర్యుణ్ణి కదలకుండా ఒకచోట పెట్టాడు. ముందు ఆ సూర్యుడు గొడుగు. తరవాత తలమీద మణి. చెవికి పోగు, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, మొలకి గంట, కాలికి అందె, ఆఖరికి పాదం కింద పీట. తొమ్మిది షాట్లు. కెమెరా కదలదు, సూర్యుడు కదలడు. మనకి బాగా తెలిసిన వస్తువు ఒకటి ఫ్రేములో ఉంచి, దాని హోదా దించుకుంటూ పోవడమే. పోతన దగ్గర అది భయం కాదు, ఎందుకంటే బలికి వచ్చినవాడెవడో తెలుసు, తెలిసే ధారపోశాడు. ఆ పరిచయం తీసేసి అదే పద్యం చదువుకోండి, మీకే తెలుస్తుంది.

హిందీ సినిమా 'తుంబాడ్' గురించి అడుగుతారని తెలుసు. తిత్లీ వెళ్లిన మర్నాడే, అక్టోబరు 12న విడుదలైంది. మాకప్పుడు కరెంటే లేదు, చాన్నాళ్లకి చూశాను. మరాఠీలో నారాయణ్ ధారప్ రాసిన కథల స్ఫూర్తి. ఆ వాన నిజం వాన, ఏళ్ల తరబడి వర్షాకాలాల్లో కూర్చుని తీశారు. చూస్తుంటే మన ఒంటి మీద పాకుడు పట్టినట్టుంటుంది. నాకు చాలా ఇష్టం. కానీ అందులోని హస్తర్ అనే దుష్టదేవుణ్ణి పిండిబొమ్మతో మోసం చెయ్యొచ్చు, వాడికి ఆకలుంది, మనిషికి దురాశ ఉంది, దానికి శిక్ష పడుతుంది. అంటే చుట్టరికం తెగలేదు. సగం మన అవ్వ కథే. తప్పని కాదు, మనవాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగారని.

ఇవాళ మనం చూడబోయేది జాన్ కార్పెంటర్ 'ద థింగ్'. 1938లో జాన్ కాంప్‌బెల్ రాసిన పెద్దకథ. అందులోని జీవి ఎవరిలాగైనా మారిపోగలదు. 1951లో దీన్ని మొదటిసారి తీసినప్పుడు ఆ మారడం కాస్తా వదిలేసి, పొడుగాటి మనిషికి వేషం వేసి నడిపించారు. ప్రాణం అక్కడే పోయింది. 1982లో కార్పెంటర్ దాన్ని వెనక్కి తెచ్చాడు. అంటార్కిటికాలో పన్నెండుమంది మగవాళ్లు, బయట మంచు, లోపల ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. స్పీల్‌బర్గ్ 'ఈటీ' వచ్చిన రెండు వారాలకి జూన్ 25న విడుదలైంది. మంచి గ్రహాంతరవాసికి కన్నీళ్లు పెట్టుకుంటున్న జనం దీని మొహం చూడలేదు, విమర్శకులు ఉతికి ఆరేశారు. ఇందులో గాజు పళ్లేల్లో తలా కాస్త నెత్తురు తీసి, కాల్చిన తీగ ముంచే సీనుంది. తీగ తగిలితే సుయ్‌మంటుంది, ఇంకో పళ్లెం, మళ్లీ సుయ్. ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించండి. అంతకంటే చెప్పను.

చివరగా, కెమెరా చేతపట్టుకు తిరుగుతున్న కుర్రాళ్లకి ఒకటిచ్చి కూర్చుంటాను. ఎవరైనా తీసుకోవచ్చు. చిన్నప్పుడు మా తోటలో నూతిలో రాళ్లు వేసేవాణ్ణి. ఒకటి అనేలోపు బుడుంగుమనేది. సెకను అంటే దగ్గర దగ్గర అయిదు మీటర్లు, అది మా నుయ్యి లోతు. ఇప్పుడు ఒక గుంటడు రోజూ బడికెళ్లేముందు రాయి వేస్తాడనుకోండి. ఒకరోజు రెండు సెకన్లు పట్టింది. అంటే ఇరవై మీటర్లు. తొంగిచూస్తే నీళ్లు ఎప్పట్లాగే అక్కడే కనపడుతున్నాయి, వాడి మొహం కూడా. వారం పోయాక నాలుగు సెకన్లు, డెబ్భై ఎనిమిది మీటర్లు. పలకమీద లెక్క వేసుకుంటున్నాడు, ఎవరికీ చెప్పడు. ఒక పొద్దున్న రాయి వేస్తే చప్పుడు రాలేదు. వాడు అక్కడే నిలబడి ఉండగా వాళ్లమ్మ వచ్చి, "తప్పుకో రా, అన్నానికి ఎసరు పెట్టాల" అని చేద వేసింది. గిలక కిర్రుమంది. తాడు ఎప్పుడూ పట్టేంతే పట్టింది. చేద నిండా నీళ్లొచ్చాయి.

లైట్లు ఆపేయండి బాబూ. సౌండు కాస్త పెంచమని చెప్పండి.