ఆ కాన్వెంట్ నేలమాళిగలో ఏముంది? 1834 నాటి ఒక మిస్టరీ

[తెర మీద: చీకటి వీధి. గోడకు అంటించిన కాగితం మీదకు లాంతరు వెలుగు మెల్లగా వస్తుంది.]

వాయిస్:
"చార్ల్స్‌టౌన్ ఊరి పెద్దలకు! కాన్వెంట్‌లో ఈమధ్య ఏదో అంతుపట్టని వ్యవహారం జరిగిందని అందరూ చెప్పుకుంటున్నారు. వెంటనే విచారణ జరిపించడం మీ బాధ్యత. లేదంటే గురువారం రాత్రి, ఆగస్టు 14న, బోస్టన్ బండ్లవాళ్లు ఆ మఠాన్ని పడగొడతారు."

1834 ఆగస్టులో అమెరికాలో, బోస్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న చార్ల్స్‌టౌన్‌లో వెలిసిన పోస్టర్ సారాంశం ఇది. బెదిరింపు నిజమైంది. తేదీ మాత్రం తప్పింది, మూడు రోజుల ముందే పని అయిపోయింది. మరి ఆ "అంతుపట్టని వ్యవహారం" ఏంటి? ఈ వీడియో దాని గురించే.

టీనేజ్ డిటెక్టివ్ కథకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది. కొండ మీద పెద్ద ఇటుకల భవనం, లోపల బోర్డింగ్ స్కూలు ఆడపిల్లలు, పారిపోయిన ఒక అమ్మాయి, ఒక సాయంత్రం మాయమైన మ్యూజిక్ టీచరు, నేలమాళిగ, సమాధి. ఆఖరికి కోర్టులో దోషిగా తేలింది కూడా మీసాలు సరిగ్గా రాని కుర్రాడే. తేడా ఒక్కటే, ఇది కల్పన కాదు.

[తెర మీద: చార్ల్స్‌టౌన్ పాత మ్యాప్. కొండ దగ్గర ఎర్ర చుక్క.]

మన దగ్గర కాన్వెంట్ అంటే పిల్లలు టై కట్టుకుని ఆటోలో ఇరుక్కుని వెళ్లే ఇంగ్లీష్ మీడియం బడి. వీధి చివర అద్దె ఇంట్లో పెట్టినా అది కాన్వెంటే! అసలు అర్థం కాథలిక్ సిస్టర్లు ఉండే మఠం. చార్ల్స్‌టౌన్‌లో రెండూ కలిసే ఉండేవి. ఉర్సులైన్ అనే సిస్టర్ల సంఘం, ఆడపిల్లల చదువే వాళ్ల పని. 1820లో బోస్టన్‌లో చిన్నగా మొదలుపెట్టి, కొన్నేళ్లకు ఈ కొండ మీదకు మారారు. బిషప్ బెనెడిక్ట్ ఫెన్విక్ పేరు మీద కొండకు మౌంట్ బెనెడిక్ట్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆ కాథలిక్ స్కూల్లో చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. బోస్టన్‌లో డబ్బున్న కుటుంబాలు, ముఖ్యంగా యూనిటేరియన్ అనే ఉదారవాద శాఖవాళ్లు, కూతుళ్లను ఇక్కడికి పంపేవాళ్లు. ఫ్రెంచ్, సంగీతం, బొమ్మలు గీయడం, ఎంబ్రాయిడరీ నేర్పేవాళ్లు మరి. ఆడపిల్లలకు ఈ స్థాయి చదువు ఆ రోజుల్లో అంత సులువుగా దొరికేది కాదు.

కొండ కింద ప్రపంచం వేరు. అక్కడ ఇటుక బట్టీలు. వాటిలో పనిచేసేవాళ్లు చాలామంది న్యూ హాంప్‌షైర్ పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ప్రొటెస్టెంట్ కుర్రాళ్లు. అదే సమయంలో ఐర్లాండ్ నుంచి ఓడలు దిగుతున్న పేద కాథలిక్కులు తక్కువ కూలికైనా సరే అంటూ పనిలో చేరుతున్నారు. "మన పని వాళ్లు లాక్కుంటున్నారు" అనే మాట అప్పుడూ ఉంది. పైగా ఇది ప్యూరిటన్ల గడ్డ, అంటే కాథలిక్ పద్ధతులంటే గిట్టని కరడుగట్టిన ప్రొటెస్టెంట్లది. ఏటా నవంబరు 5న పోప్ బొమ్మను ఊరేగించి తగలబెట్టడం బోస్టన్‌లో ఒకప్పుడు పండగ. స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775లో, తన సైన్యం ఆ తంతు చేయకూడదని జార్జ్ వాషింగ్టన్ ఆర్డర్ వేయాల్సి వచ్చింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రొటెస్టెంట్ చర్చిలకు ప్రజల పన్ను డబ్బు వెళ్లే పద్ధతి 1833 దాకా నడిచింది. అంటే మన కథకు ఒక్క ఏడాది ముందు వరకు.

కాబట్టి బట్టీ కుర్రాడు తలెత్తి ఆ కొండను చూస్తే ఒకేచోట రెండు కనిపించేవి: తను నమ్మని మతం, తనకు అందని డబ్బు. నన్నడిగితే ఈ రెండోదాన్ని చరిత్ర పుస్తకాలు కాస్త తక్కువ చేసి చెబుతాయి.

[తెర మీద: "మొదటి అమ్మాయి"]

రెబెకా రీడ్. తల్లిని పోగొట్టుకున్న ప్రొటెస్టెంట్ రైతు బిడ్డ, ఇరవై కూడా నిండలేదు. సిస్టర్ కావాలన్న ఆశతో 1831లో మఠంలో చేరింది. 1832 జనవరిలో పారిపోయింది. తనను కెనడాకు తరలించేయాలని బిషప్, మదర్ సుపీరియర్ (మఠానికి పెద్ద) మాట్లాడుకుంటుంటే చాటుగా విన్నానని చెప్పింది. నేలను ముద్దుపెట్టుకునే ప్రాయశ్చిత్తాలు, జబ్బు మనిషి మీద కూడా దయలేని క్రమశిక్షణ, ఇలా ఇంటింటా కథలు చెప్పింది. మదర్ సుపీరియర్ తర్వాత వీటన్నిటినీ ఖండిస్తూ జవాబు రాశారు.

రెబెకా పూర్తిగా అబద్ధాలే చెప్పిందా? నాకలా అనిపించదు. మఠం జీవితం కఠినమైనదే. కొత్తగా వచ్చిన అమ్మాయికి భయం వేసి ఉండొచ్చు. కానీ ఆమె చెప్పిన కథ ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లేసరికి ప్రాయశ్చిత్తం హింస అయింది, భోజనాల గది నేలమాళిగ అయింది.

[తెర మీద: "1834 జూలై 28, సోమవారం"]

అసలు మిస్టరీ ఇది. ఆ రోజు కాన్వెంట్ పక్కనే ఉండే ఇటుకల వ్యాపారి ఎడ్వర్డ్ కట్టర్ ఇంటికి ఒక సిస్టర్ వచ్చింది. మనిషి కంగారుగా, మతి తప్పినట్టు ఉంది. వెస్ట్ కేంబ్రిడ్జ్‌లో తెలిసినవాళ్ల ఇంటికి చేర్చమంది. ఆమె ఎలిజబెత్ హారిసన్, మఠంలో పేరు సిస్టర్ మేరీ జాన్. పదమూడేళ్లుగా అక్కడే ఉన్న మ్యూజిక్ టీచర్.

బిషప్ వెళ్లి మాట్లాడారు. ఆమె తిరిగి వచ్చేసింది. అంతే.

ఊరు మాత్రం అక్కడితో ఆగలేదు. పారిపోయిన మనిషిని మళ్లీ లోపలికి లాక్కెళ్లారన్నారు. కనిపించడం లేదన్నారు. నేలమాళిగలో పెట్టి తాళం వేశారన్నారు. చంపేశారన్నవాళ్లూ ఉన్నారు. ఆగస్టు 8న ఒక బోస్టన్ పత్రిక ఈ గుసగుసలను "మిస్టరీ" అంటూ అచ్చేసింది, మిగతావి దాన్ని ఎత్తి వేసుకున్నాయి. మన ఫ్యామిలీ గ్రూపుల్లో "ఫార్వర్డ్ చేయబడినది" అని వస్తుందే, సరిగ్గా అదే. కాకపోతే గుర్రపు బండి వేగంతో.

నిజం ఏంటో తర్వాత ఆమే కోర్టులో చెప్పింది. స్కూలు ఫంక్షన్ దగ్గరపడటంతో రోజుకు 14 దాకా సంగీత పాఠాలు చెప్పిందట, ఒక్కోటి 45 నిమిషాలు. లెక్క వేయండి, పదిన్నర గంటలు! ఎండాకాలం, ఒంటి నిండా మఠం దుస్తులు, ఎదురుగా పియానో మీద అవే స్వరాలు తప్పుగా వాయించే పిల్లలు. మనిషి నలిగిపోయింది, కొద్దిరోజులు మతి స్థిమితం తప్పింది. ఇప్పుడైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి నెలరోజులు సెలవు పెట్టించేవాళ్లం. అంత గొడవకు మూలం ఒక టీచరమ్మ అలసట.

[తెర మీద: గడియారం. "ఆగస్టు 11, సోమవారం, పగలు"]

ముందురోజు ఆదివారం లైమన్ బీచర్ అనే పేరున్న ప్రొటెస్టెంట్ బోధకుడు బోస్టన్‌లో కాథలిక్కులకు వ్యతిరేకంగా ప్రసంగాలు చేశారు. బట్టీ కుర్రాళ్లలో ఆయన మాటలు విన్నవాళ్లు ఎందరో అనుమానమే, వాళ్ల ప్లాన్ అప్పటికే తయారైపోయింది. గాలి మాత్రం అటే వీస్తోంది.

సోమవారం చార్ల్స్‌టౌన్ సెలెక్ట్‌మెన్, అంటే ఊరు ఎన్నుకున్న పెద్దలు, కాన్వెంట్‌కు వెళ్లారు. అటక నుంచి నేలమాళిగ దాకా గంటల తరబడి వెతికారు. తలుపు తలుపూ తీయించారు. వాళ్లను వెంటపెట్టుకుని గది గదీ చూపించింది ఎవరనుకున్నారు? సిస్టర్ మేరీ జాన్! చచ్చిపోయిందని ఊరంతా చెప్పుకుంటున్న మనిషే తాళాలు తీయించి, "చూడండి బాబూ, చూసుకోండి" అన్నట్టు తిప్పింది.

పెద్దలు బయటికొచ్చి రిపోర్టు రాశారు. ఆమె క్షేమంగా ఉంది, తన ఇష్టంతోనే ఉంటోంది, పుకార్లు నమ్మొద్దు. పత్రికలకు పంపారు. మర్నాడు, ఆగస్టు 12 ఉదయం, అచ్చవాలి.

మిస్టరీ విడిపోయింది. విడిపోయిన సంగతి ఊరికి తెలియడానికి ఒక్క రాత్రి ఉంది.

[తెర మీద: నలుపు. కొయ్య చక్రాల చప్పుడు, దూరంగా అరుపులు.]

చీకటి పడ్డాక జనం పోగయ్యారు. ముందున్నవాళ్లలో జాన్ బజెల్ అనే భారీ మనిషి, బట్టీ కార్మికుడు. కాన్వెంట్ పనివాడిని అంతకుముందే ఒకసారి కొట్టిన చరిత్ర ఉంది. "సిస్టర్‌ని చూపించండి" అని అరిచారు. మదర్ సుపీరియర్ మేరీ ఎడ్మండ్ సెయింట్ జార్జ్ గడుసు మనిషి. బిషప్ చెప్పుచేతల్లో ఇరవై వేలమంది ఐరిష్ వాళ్లున్నారని గుంపును బెదిరించారు. ధైర్యమే, కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. గుంపు అసలు భయపడేదే ఐరిష్ వాళ్లకు.

రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో తారు పీపాలకు నిప్పు పెట్టారు. అది సైగ. గంటలు మోగాయి, ఫైరింజన్లు వచ్చాయి, ఆగి నిలబడ్డాయి. నీళ్లు కొట్టలేదు. దాదాపు 2,000 మంది చుట్టూ నిలబడి చూశారు. పగలగొట్టినవాళ్లు యాభై, అరవై మందే.

లోపల పిల్లలను నిద్రలేపి, చీకట్లోనే బట్టలు తొడిగి, వెనక మెట్ల మీద నుంచి తోటలోకి దింపారు. ముందు తలుపు పగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. తోట చివర కంచె. దాన్ని విరిచి సందు చేశారు. చిన్నపిల్లలను ముందు దూర్చి, క్షయతో నడవలేని ఒక సిస్టర్‌ని మోసుకుని, పొలాల మీదుగా పక్కిళ్లకు చేరారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన ఇళ్లలో ఎడ్వర్డ్ కట్టర్ ఇల్లు కూడా ఉంది. అవును, ఆ ఇటుకల వ్యాపారే.

వెనక్కి తిరిగి చూస్తే కిటికీల్లోంచి పియానోలు కింద పడుతున్నాయి. గుంపు తోటలోని సమాధి గదినీ వదల్లేదు, శవపేటికలు తెరిచి చూశారు. "దాచిన శవం" కోసమేమో మరి.

బిషప్ పుస్తకాల దగ్గర మార్విన్ మార్సీ అనే పదహారు, పదిహేడేళ్ల కుర్రాడు ఆట మొదలుపెట్టాడు. ఒక్కో పుస్తకం పైకెత్తి వేలం పాట పాడటం, మంటలోకి విసరడం. వాడికి అది తమాషా. ఆ తమాషాను చూసినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

ఆ రాత్రి ఎవరూ చనిపోలేదు. మోసుకొచ్చిన సిస్టర్ మాత్రం అక్టోబరులో కన్నుమూసింది.

[తెర మీద: "ఆగస్టు 12. పత్రికలో రిపోర్టు."]

తెల్లారి పేపర్ వచ్చింది. కాన్వెంట్‌లో అంతా సవ్యంగానే ఉందని ఊరి పెద్దల మాట. కొండ మీద ఇంకా పొగ.

ఐరిష్ కూలీలు ప్రతీకారానికి బయల్దేరారన్న వార్త పాకింది. బిషప్ ఫెన్విక్ ప్రీస్టులను దారులకు అడ్డం పంపించి వాళ్లను వెనక్కి తిప్పించారు. ఫెనూయిల్ హాల్‌లో బోస్టన్ పెద్దమనుషులు సభ పెట్టి, తీర్మానం చేసి, గట్టిగా ఖండించారు. ఆ రాత్రే ఇంకో గుంపు వచ్చి మిగిలిన తోటను, పండ్ల చెట్లను నరికేసింది.

పదమూడు మందిని పట్టుకున్నారు. డిసెంబరులో విచారణ. డిఫెన్స్ లాయర్లు మంటల గురించి కంటే మఠంలో ఏం జరుగుతుందో ఎక్కువ అడిగారు. నిందితులు బయట, సిస్టర్లు బోనులో ఉన్నట్టే నడిచింది. బజెల్ నిర్దోషిగా బయటపడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు, కానుకలిచ్చారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే బయటికొచ్చారు.

దోషిగా మిగిలింది మార్సీ ఒక్కడు. యావజ్జీవ కఠిన శిక్ష. ముందు నడిపించినవాళ్లు ఇంటికెళ్లారు, వేలం పాడిన పిల్లాడు జైలుకెళ్లాడు. వాడిని వదిలేయమని అర్జీ పెట్టింది ఎవరో తెలుసా? బోస్టన్ కాథలిక్కులు, వేల సంతకాలతో. తర్వాత క్షమాభిక్ష దొరికింది.

రెబెకా రీడ్ పుస్తకం 1835లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ఉర్సులైన్ సిస్టర్లు అదే ఏడాది క్యూబెక్‌కు వెళ్లిపోయారు. నష్టపరిహారం అడిగిన ప్రతిసారీ మసాచుసెట్స్ అసెంబ్లీ కాదంది. 1846లో 10,000 డాలర్లు ఇస్తామంది. నష్టంలో ఏ మూలకూ రాని ఆ మొత్తాన్ని చర్చి తీసుకోలేదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఐర్లాండ్‌లో బంగాళదుంప కరువుతో వలసలు ఇంకా పెరిగాయి. "నో నథింగ్" అనే రహస్య సంఘం పుట్టింది. ఎవరైనా అడిగితే "నాకేం తెలియదు" అనాలి, అదే పేరైంది. 1854 ఎన్నికల్లో మసాచుసెట్స్ గవర్నర్ పదవి, సెనేట్ మొత్తం, ప్రతినిధుల సభ దాదాపు మొత్తం వాళ్లకే! అధికారంలోకి రాగానే ఏం చేశారు? మఠాలను సోదా చేయడానికి కమిటీ వేశారు. రాక్స్‌బరీలోని కాథలిక్ స్కూల్లో అల్మరాలు తెరిచి చూశారు. నేలమాళిగలు వెతికారు. ఏమీ దొరకలేదు. దొరికింది ఒక్కటే, కమిటీ సభ్యుడు జోసెఫ్ హిస్ ఒక మహిళతో లోవెల్‌లో హోటల్ గదిలో దిగి, ఆ ఖర్చు ప్రభుత్వ ఖాతాలో రాయించిన బిల్లు. ఆయన్ని సభ నుంచి బయటికి పంపారు.

[తెర మీద: నేటి సోమర్‌విల్ వీధి. ఇళ్లు, బస్సు.]

ఆ కొండ ఇప్పుడు లేదు, తవ్వి చదును చేసేశారు. ఆ ప్రాంతం ఈస్ట్ సోమర్‌విల్‌లోకి వస్తుంది. శిథిలాల ఇటుకలు కొన్ని మాత్రం బోస్టన్‌కు చేరాయి. 1875లో ప్రారంభమైన హోలీ క్రాస్ కేథడ్రల్‌లో, ముందు తలుపు దాటగానే ఉండే కమానులో వాటిని పెట్టి కట్టారు. బోస్టన్‌లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా అటు వెళితే, లోపలికి అడుగుపెట్టగానే ఒకసారి తలెత్తి చూడండి.