థండర్‌బర్డ్‌లో మెయిళ్లు కనిపించే తీరు: శ్రోతల ప్రశ్నలు, నిపుణుని సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో మెయిళ్లు చదవడానికీ పంపడానికీ థండర్‌బర్డ్ ప్రోగ్రాము వాడుతున్నవారు అందులో మెయిళ్లు తెరపై కనిపించే తీరును తమకు అనువుగా ఎలా మార్చుకోవాలో ఈ రోజు మన స్టూడియోలో ఉన్న సాంకేతిక నిపుణుడు వివరిస్తారు. తెనాలి నుంచి మొదటి శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో థండర్‌బర్డ్ పెట్టి ఇచ్చాడు. పాత కంప్యూటర్‌లో హాజరుపట్టీలో పేర్లలాగా ఒక్కో మెయిల్ ఒక్కో వరుసలో ఉండేది. ఇప్పుడు ప్రతి మెయిలూ రెండు మూడు వరుసలు ఆక్రమిస్తోంది, ఒకేసారి కంటికి ఆనేవి బాగా తగ్గిపోయాయి.

నిపుణుడు: మాస్టారూ, మీరు చూస్తున్నదాన్ని కార్డ్స్ వ్యూ అంటారు. 2023 జూలైలో విడుదలైన 115వ వెర్షన్‌తో ఇది వచ్చింది. పాత పద్ధతిని టేబుల్ వ్యూ అన్న పేరుతో అలాగే ఉంచారు. మెయిళ్ల జాబితాకు పైన, కుడివైపు చివర ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఈ రెండు పేర్లూ కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ మీ ఎదుటే ఉందా?

శ్రోత (తెనాలి): ఉందండీ, నొక్కాను. ఆఁ, వరుసలు వచ్చేశాయి. కానీ తేదీ సగమే కనిపిస్తోంది.

నిపుణుడు: శీర్షికల మధ్య ఉన్న గీతను మౌస్‌తో పట్టుకుని లాగితే ఆ కాలమ్ వెడల్పవుతుంది. శీర్షికల వరుసకు కుడి చివర ఉన్న గుర్తును నొక్కి, అక్కరలేని కాలమ్‌లకు టిక్కు తీసేస్తే మిగిలినవాటికి చోటు దొరుకుతుంది. ఈ అమరిక ఒక్కో ఫోల్డరుకు విడివిడిగా ఉంటుంది కనుక, ఇక్కడ మార్చినది పక్క ఫోల్డరులో కనిపించకపోతే కంగారు పడకండి. ఇదే అమరికను మరో ఫోల్డరుకూ వర్తింపజేసే అవకాశం ఆ మెనూ అడుగునే ఉంది. ఇక ఆల్ట్ మీట నొక్కితే పైన మెనూలు కనిపిస్తాయి. అక్కడ వ్యూ, ఆ తరువాత లేఅవుట్‌లోకి వెళ్లి క్లాసిక్ ఎంచుకుంటే పైన జాబితా, కింద మెయిల్ వస్తాయి. అన్నీ పక్కపక్కన నిలబెట్టే వర్టికల్ అమరికలో జాబితాకు ఇరుకైన చోటే మిగులుతుంది కాబట్టి అక్కడ కార్డులే నయం. వరుసలే కావాలనుకునే మీలాంటివారికి క్లాసిక్ సరిపోతుందని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి మరో శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత (వరంగల్): నమస్తే సార్. మా అపార్ట్‌మెంట్ సంఘం మెయిళ్లన్నీ నేనే చూస్తాను. నీళ్ల ట్యాంకు మరమ్మతు గురించి వచ్చిన కొత్త మెయిల్, ఆరు నెలల కిందటి పార్కింగ్ గొడవ కింద దాక్కుని ఉంది. సబ్జెక్టు వేరుగా ఉన్నా అక్కడికెలా చేరింది?

నిపుణుడు: అమ్మా, రాసినవారు కొత్త మెయిల్ తెరవకుండా, పాత పార్కింగ్ మెయిలుకు రిప్లై నొక్కి, సబ్జెక్టు చెరిపి, కొత్త విషయం రాసి ఉంటారు. అందరి చిరునామాలూ అందులో సిద్ధంగా ఉంటాయి కనుక చాలామంది చేసే పనే ఇది. అయితే ప్రతి జవాబులోనూ అది ఏ మెయిలుకు జవాబో తెలిపే గుర్తింపు, ‘ఇన్-రిప్లై-టు’, ‘రెఫరెన్సెస్’ అనే పంక్తుల్లో, మనకు మామూలుగా కనిపించకుండా ఉంటుంది. థండర్‌బర్డ్ మెయిళ్లను ఒకదాని కింద ఒకటి చేర్చేటప్పుడు ఆ పంక్తులనే నమ్ముతుంది, సబ్జెక్టును కాదు. వ్యూ మెనూలో సార్ట్ బై కింద అన్‌థ్రెడెడ్ ఎంచుకుంటే ఈ గుంపులు విడిపోయి, అన్నీ తేదీ వరుసలో వస్తాయి. ఎక్కువ చర్చలు నడవని ఫోల్డరుకు అదే మేలు.

వ్యాఖ్యాత: తమిళనాడులోని హోసూరు నుంచి ఒక ముద్రణాలయ యజమాని మాట్లాడుతున్నారు.

శ్రోత (హోసూరు): నమస్కారమండీ. నాకు తెలుగు మెయిళ్లే ఎక్కువగా వస్తాయి. అక్షరాలు మరీ చిన్నగా ఉంటే సెట్టింగ్స్‌లో తెలుగు ఫాంటు పరిమాణం పెంచాను, అయినా కొన్ని మెయిళ్లు చిన్నగానే ఉన్నాయి. పాత మెయిళ్లు కొన్ని అసలు తెలుగులోనే కనిపించడం లేదు.

నిపుణుడు: మొదట పరిమాణం సంగతి చూద్దాం. సెట్టింగ్స్‌లోని ఫాంట్లు, రంగుల విభాగంలో అడ్వాన్స్‌డ్ నొక్కితే, ఏ లిపికి మారుస్తున్నారో ఎంచుకునే పట్టీ పైన ఉంటుంది. మీరు అందులో తెలుగు ఎంచుకున్నారు, అది సహజమే. కానీ ఇప్పుడు మెయిళ్లు ఎక్కువగా యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా నిల్వ చేసుకునే ఒక పద్ధతిలో వస్తాయి. ఆ పద్ధతి ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కటే కాబట్టి, మెయిల్ తెలుగులో ఉందని దాన్నిబట్టి ప్రోగ్రాముకు తెలియదు. అందువల్ల అదే పట్టీలో ‘అదర్ రైటింగ్ సిస్టమ్స్’ కింద కూడా పరిమాణం పెంచండి. రెండో చిక్కు ఏమిటంటే, అలంకారాలేవీ లేని ప్లెయిన్ టెక్స్ట్ మెయిళ్లకు మోనోస్పేస్ అనే వేరే పరిమాణం వర్తిస్తుంది, దాన్నీ పెంచాలి. ఫాంటు విషయానికి వస్తే, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ సరిపోతుంది. ఒత్తులు ఇంకా స్పష్టంగా కావాలంటే నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది, వేసుకుని చూడండి. అప్పటికప్పుడు ఒక్క మెయిల్ పెద్దదిగా చదవాలంటే కంట్రోల్ మీటతో ప్లస్ నొక్కితే చాలు.

శ్రోత (హోసూరు): మరి తెలుగే కనిపించని మెయిళ్ల మాటేమిటండీ?

నిపుణుడు: అక్కడ ఏం కనిపిస్తోందో నాకు చెప్పాలి.

శ్రోత (హోసూరు): ఒక మెయిల్‌లో నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయి. ఇంకొకదానిలో మామూలు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి.

నిపుణుడు: మొదటి దానికి మందు ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడేసి బైట్లుగా, అంటే మూడేసి చిన్న అంకెలుగా నిల్వ అవుతాయి. వాటన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. ఆ బైట్లను పాత పాశ్చాత్య సంకేత పద్ధతిగా పొరబడి చదివినప్పుడు మొదటిది వాలుగీత ‘ఎ’గానూ, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో తెరపైకి వస్తుంది. బైట్లు చెక్కుచెదరలేదన్నమాట. వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కితే చాలావరకు తెలుగు తిరిగి కనిపిస్తుంది. రెండోది, అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ రాకముందు నుంచీ ఉన్న డీటీపీ ఫాంటులో, అంటే ముద్రణకు పేజీలు కూర్చేందుకు వాడే ఫాంటులో కొట్టిన మెయిల్ అయి ఉంటుంది. అందులో నిజంగా ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటు. ముద్రణాలయం వారు కనుక ఆ ఫాంటు మీ దగ్గరే ఉండవచ్చు. ఆ పాఠాన్ని పేజీ అమరిక ప్రోగ్రాములో అతికించి అదే ఫాంటు వేస్తే చదవగలుగుతారు, లేదంటే యూనికోడ్‌లోకి మార్చే సాధనం వాడాలి. థండర్‌బర్డ్‌లో ఏ సెట్టింగు మార్చినా దానికి ప్రయోజనం ఉండదు. అక్షరానికో ప్రశ్నార్థకం కనిపించే మెయిళ్లు కూడా మీకు తగలవచ్చు. వాటిలో అక్షరాలు మీకు చేరకముందే పోయాయి, మళ్లీ పంపమని అడగడమే దారి.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. కాకినాడ నుంచి చివరి శ్రోత.

శ్రోత (కాకినాడ): నమస్కారమండీ. మెయిళ్లలో బొమ్మలు కనిపించకుండా పైన ఒక హెచ్చరిక వస్తోంది. అన్నీ ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోవచ్చా? మా బ్యాంకు మెయిల్ కూడా ఇలాగే ఖాళీ గడులతో వచ్చింది.

నిపుణుడు: పెట్టుకోవచ్చు కానీ, వద్దంటాను. ఆ బొమ్మలు మెయిల్‌లో ఉండవు, పంపినవారి సర్వరు నుంచి వస్తాయి. కంటికి కనిపించనంత చిన్న బొమ్మ ఒకటి పెట్టినా, మీరు ఆ మెయిల్‌ను ఎప్పుడు తెరిచారో వారికి తెలిసిపోతుంది. అందుకే నమ్మకమున్న మెయిలుకు మాత్రం ఆ ఒక్కసారికి అనుమతి ఇవ్వండి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మెయిల్ తెరిచినప్పుడు పైభాగంలో కనిపించే మోర్ బటన్‌లో కస్టమైజ్‌లోకి వెళ్లి, పంపినవారి పూర్తి చిరునామా ఎప్పుడూ చూపించాలన్న గడిలో టిక్కు పెట్టండి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు.

శ్రోత (కాకినాడ): పెట్టానండీ. పేరు బ్యాంకుదే ఉంది. కానీ చిరునామాలో ‘ఎట్’ గుర్తు తరువాత బ్యాంకుతో సంబంధం లేని పేరేదో ఉంది.

నిపుణుడు: అయితే ఆ బొమ్మలకు అనుమతి ఇవ్వకండి, అందులోని లింకులు ముట్టుకోకండి, జంక్‌గా గుర్తు పెట్టేయండి. ఇంతకుముందే ఏదైనా లింకు నొక్కి వివరాలు ఇచ్చి ఉంటే, ఈ ఫోన్ పెట్టేసిన వెంటనే పాస్‌పుస్తకంపై ఉన్న నంబరుకు చేసి బ్యాంకువారికి చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ మోసాల సహాయ కేంద్రానికి 1930కి కూడా ఫోన్ చేయండి.

శ్రోత (కాకినాడ): లింకు నొక్కలేదండీ, బొమ్మలు రాలేదని పక్కన పెట్టేశాను.

నిపుణుడు: మంచిపని చేశారు.