పాలు పడలేదా, పడనివ్వలేదా?

హోస్ట్: నమస్కారం. కాన్పయిన రెండో రోజుకే చాలామంది తల్లులు "నాకు పాలు పడలేదు" అని కుమిలిపోతుంటారు. అందులో ఆసుపత్రి పద్ధతుల పాత్ర ఎంత? బాలింతల వార్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నర్సు ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, లోపం తల్లిదేనా?

నర్సు: చాలాసార్లు కాదండీ. మొదట వచ్చేవి ముర్రుపాలు. అవి చెంచాల లెక్కలోనే వస్తాయి, మామూలుగా బిడ్డకు అవే సరిపోతాయి. పాలు నిండుగా రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు బిడ్డ ఎన్నిసార్లు చీకితే అన్నిసార్లు తల్లి ఒంట్లో పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మరి ఆ రోజుల్లో బిడ్డ ఎక్కడుండాలో తేల్చేది తల్లి కాదు, వార్డు.

హోస్ట్: పుట్టిన క్షణం నుంచే అంటారా?

నర్సు: అప్పటినుంచే. బిడ్డను తుడిచి, బట్టలు అడ్డం లేకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పితే, చాలామంది పిల్లలు గంటలోపు తామే వెతుక్కుని నోరు పెడతారు. ఇద్దరూ బాగుంటే బరువు, కొలతలు ఆ గంట ఆగొచ్చు. సిజేరియన్‌లో కూడా తల్లి మెలకువగా ఉంటే ఇది కుదురుతుంది. కానీ లేబర్ రూమ్ త్వరగా ఖాళీ చేయాలన్న తొందరలో ముందు ఆ గంటకే కోత పడుతుంది.

హోస్ట్: రాత్రిళ్లు బిడ్డను నర్సరీలో ఉంచితే తల్లికి విశ్రాంతి కదా?

నర్సు: మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉండేది రాత్రిపూటే. పైగా ఆకలేసిన బిడ్డ ముందు తల తిప్పుతుంది, పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది. ఏడుపు ఆఖరున వస్తుంది. పక్కనున్న తల్లికి ఇవన్నీ కనిపిస్తాయి. నర్సరీలో ఏడుపొక్కటే వినిపిస్తుంది. వెంటనే సీసా పడతారు. బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంది. ఇక్కడ తల్లి రొమ్ముకు చీకిన సంకేతం అందదు. మర్నాడు పాలు చాల్లేదంటూ ఇంకో సీసా!

హోస్ట్: పద్ధతి మారిస్తే ఫలితం మారుతుందని రుజువుందా?

నర్సు: ఉందండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1989లో తల్లిపాలకు తోడ్పడేలా ప్రసూతి ఆసుపత్రులకు పది సూత్రాలు ఇచ్చాయి. వాటి ఆధారంగా 1991లో శిశు మిత్ర ఆసుపత్రుల కార్యక్రమం మొదలైంది. బెలారస్‌లో 31 ఆసుపత్రులను, వాటికి అనుబంధంగా ఉన్న క్లినిక్‌లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గంలో సిబ్బందికి ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. సుమారు 17,000 మంది తల్లీబిడ్డలను గమనించారు. ఫలితాలు 2001లో వచ్చాయి. మూడో నెలలో తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు శిక్షణ ఇచ్చినచోట 43 శాతం, ఇవ్వనిచోట 6 శాతం! రెండువైపులా తల్లులు పాలివ్వడం మొదలుపెట్టినవాళ్లే. తేడా వాళ్ల మనసులో లేదు, వాళ్లకు దొరికిన సాయంలో ఉంది.

హోస్ట్: డిశ్చార్జ్ రోజున ఉచితంగా పాలపొడి డబ్బా ఇచ్చే అలవాటు?

నర్సు: అది నాకు అస్సలు నచ్చదు. ఆసుపత్రి చేతుల మీదుగా వస్తే తల్లి దాన్ని డాక్టర్ సలహా అనుకుంటుంది. డబ్బా పాల ప్రచారం, అమ్మకాలపై 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి తల్లులకు ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదనే చెబుతోంది.

హోస్ట్: నిజంగానే పాలు చాలని తల్లులు ఇది విని బాధపడతారేమో.

నర్సు: వాళ్లు బాధపడాల్సిందేమీ లేదు. బిడ్డకు షుగర్ పడిపోవచ్చు, బరువు మరీ తగ్గొచ్చు, తల్లికి రక్తస్రావం ఎక్కువై ఉండొచ్చు. అప్పుడు ముందు పిండిన పాలు, అవి చాలకపోతే దాత పాలో డబ్బా పాలో కొలత ప్రకారం ఇవ్వాల్సిందే. నియమం కోసం బిడ్డను పస్తుంచే ఆసుపత్రి కూడా తప్పే చేస్తోంది. అయితే అదే సమయంలో తల్లి చేత పాలు పిండిస్తూ ఉండాలి. చాలాచోట్ల మర్చిపోయేది ఈ పనే.

హోస్ట్: కాన్పుకు ముందు ఆసుపత్రిలో ఏం అడగాలి?

నర్సు: రాత్రి బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, డబ్బా పాలు ఎవరు రాస్తే ఇస్తారు అని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి డ్యూటీలో బిడ్డకు రొమ్ము పట్టించడం తెలిసినవాళ్లు ఉంటారా అని అడగండి. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోవాలి. కింది పెదవి బయటికి విచ్చుకోవాలి. తెలిసినవాళ్లు పక్కన పది నిమిషాలు కూర్చుంటే చాలామందికి నొప్పి తగ్గిపోతుంది. అలా కూర్చునే మనిషి పగటి డ్యూటీలోనే ఉంటే తెల్లవార్లూ ఆ తల్లి ఎవర్ని పిలవాలి?