పాత పార్టు అడిగి తీసుకోండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదవడం నావల్ల కాదు, మన్నించాలి.

"వారంటీ అయిపోయింది కదండీ" అన్న మాట కారు సర్వీస్ సెంటర్లో విన్నవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, ఇంతమందా! వినగానే ఏం చేస్తాం? నోరు మూసుకుని కార్డు గీకేస్తాం. వారంటీ కంపెనీ రాసిచ్చిన మాట. దాని గడువు తీరినంత మాత్రాన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఎక్కడికీ పోదు. తయారీలోనే దాగున్న లోపం ఆలస్యంగా బయటపడితే ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటినుంచి 2 ఏళ్ళ గడువుంది. కాకపోతే లోపముందని రుజువు చేసే బాధ్యత మన నెత్తినే. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు అరిగేవే, వాటి కోసం కేసంటే నేను మీ వెంట రాను. స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం, అలా కాదు.

ర్యాక్ అంటే గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, మరిచిపోతేగా! మా బండి మలుపు తిప్పినప్పుడల్లా టక్ టక్‌మనేది. వారంటీ ఉండగానే చెప్పాను. జాబ్ కార్డులో, అదే బండి రిపేరుకిచ్చినప్పుడు సర్వీస్ సెంటర్‌వాళ్ళు రాసే కాగితంలో, ఏం రాశారో తెలుసా? "చెక్ చేశాం, నార్మల్." గడువు దాటాక అదే చప్పుడుకు ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. డబ్బు కట్టి, పాతది ఇమ్మన్నాను. "స్క్రాప్‌లో వేసేశాం సార్." నా బండిలోది, నన్నడక్కుండా స్క్రాపేమిటండీ?

ఎందుకింత గొడవంటే, ఆ వినియోగదారుల చట్టమే, 38వ సెక్షన్ చూడండి. పరీక్ష చేయందే లోపం తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ వస్తువు నమూనా తెప్పించి, సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. వస్తువే లేకపోతే ఏం పంపుతుంది, నా ఏడుపా?

అందుకని అమ్మలారా, అయ్యలారా, రిపేరుకు సంతకం పెట్టేముందే జాబ్ కార్డు మీద "పాత పార్టు తిరిగి ఇవ్వాలి" అని మీ చేత్తో రాయండి. గ్రీజు కారుతున్నా గోనెసంచిలో చుట్టి డిక్కీలో వేసుకురండి. కడగొద్దు! విరిగిన చోటు తుడవనుకూడా తుడవొద్దు. మీరు చెప్పిన చప్పుడు మీ మాటల్లోనే కార్డు మీదకు ఎక్కాలి, "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి.

"గుడ్‌విల్ కింద సగం భరిస్తాం" అని కంపెనీవాళ్ళు దయతలచినట్టు అంటారు. తీసుకోండి, తప్పులేదు. ఇకమీదట ఏ క్లెయిమూ లేదన్న కాగితం మాత్రం చదవకుండా సంతకం చేయొద్దు. ప్రాణానికి ముప్పు తెచ్చే లోపమైతే మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్ కింద ఆ బండ్లను వెనక్కి రప్పించమని కంపెనీని ప్రభుత్వం ఆదేశించొచ్చు. మీ మోడల్‌కు అలాంటి రీకాల్ ఉందేమో ముందు చూసుకోండి. ఎవరూ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, జాబ్ కార్డు ఎదురుగా పెట్టుకుని.